కడప్పా

పూనాలో మా వంటింటి గట్టుని
అందరూ కడప్పా అంటారు.
అదొక ఊరి పేరని అక్కడెవరికీ తెలీదు.
"కడప్పా వేయాలా, గ్రానైటా?" అని మేస్త్రీ అడిగితే
మా నాయన బీడీ ఆర్పి
ఆ నల్లబండని వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గాడు.
"ఇది మన మిట్ట మీది రాయి గాదు పాపా.
ఏటవతలిది. గొంతు వేరే."
రాయికి గొంతేమిటో నాకప్పుడు తెలీదు.
ఆ గట్టు మీదే మా అమ్మ
ముప్పై ఏళ్ళు జొన్నరొట్టెలు తట్టింది.

పందొమ్మిదేళ్ళ తర్వాత
తెల్లారుజామున ఎర్రగుంట్లలో దిగాను.
నా పెట్టె కంటే ముందు సిమెంటు వాసన దిగింది.
ఎవరింటికన్నాడు ఆటో అతను.
బండలోళ్ళ సుంకమ్మ ఇంటికన్నాను.
"ఏ సుంకమ్మ? చెవిటి సుంకమ్మా?"
అత్తకి చెవుడొచ్చిందని
అట్లా తెలిసింది నాకు.

దారి పొడుగునా విరిగిన నాపల గుట్టలు,
చేలకి కంచెలుగా నిలబెట్టిన బండలు.
మా నాయన పొరలు తీసిన గని నిండా పచ్చనీళ్ళు,
పిల్లోళ్ళు పైనుంచి దూకుతున్నారు.
ఒక ఎనుము మాత్రం అంచున నిలబడి
దిగాలా వద్దా అని చూస్తోంది.

బాలచెన్నయ్య బావ ఎదురొచ్చాడు.
ఒకప్పుడు నన్ను చేసుకోవాల్సినోడు, ఇప్పుడు బట్టతల.
ఆ మాట గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం,
ఆయన భార్య కాస్త ఆలస్యంగా నవ్వింది.

"జాలాడి యాడుందమ్మీ?" అనడిగాను.
మనవరాలు జస్విత ఫోన్లోంచి తలెత్తింది.
"అంటే? బాత్రూమా ఆంటీ?"
మడక అన్నాను, సద్ది అన్నాను,
నోరు తెరిస్తే చాలు, ఇల్లంతా నవ్వులు.
"ముసిలోళ్ళ మాదిరి మాట్లాడతాందే!"

నేనేం చేసేది, నాకు వేరే తెలుగు రాదు.
కరువేడు, ఎనభై మూడులో
సోలాపురం పోయే బండల లారీ మీద
మా నాయన ఎక్కించుకుపోయిందే నాది.
అక్కడ దానికి ఎండా తగల్లేదు, వానా తగల్లేదు.
ఇంట్లో నలుగురం వాడుకున్నాం,
అటక మీది పండగ బోకుల్లాగా దించి, తోమి, మళ్ళీ ఎక్కించి.
ఇక్కడి తెలుగేమో బడికి పోయింది,
టీవీ చూసింది, నాలుగూళ్ళు తిరిగొచ్చింది.

"గట్టిగా అరువు, వినపడదు" అన్నాడు బావ.
నేను అరవలేదు.
"పొంతలో నీళ్ళుండాయా?" అన్నాను, మామూలుగానే.
అత్త తల తిప్పింది.

రెండు రోజులు ఏమీ అడగలేదు నన్ను.
మొన్నటి మాఘంలో తమ్ముడు పోతే
ఆమెకి మూడో రోజుకి గానీ తెలీలేదు.
ఫోన్ చేయాల్సింది నేనే.
అలసందలు వలుస్తూ కూర్చున్నాం,
నా ఒళ్ళోని పొట్టుని ఆమే ఏరి పారేసింది.

మూడో రోజు సందకాడ అడిగింది:
"గని నుంచొచ్చి వాడు వాకిట్లో నిలబడి
ఏమనేటోడో తెలుసునా నీకు?"

తెలుసు.
ఆసుపత్రిలో ఆఖరి వారమంతా అదే మాట.
నీళ్ళడుగుతున్నాడని నర్సుకి మరాఠీలో చెప్పాను.
పాపం, గ్లాసుతో తెచ్చింది తాగమని.
ఆయన తల అడ్డంగా ఊపాడు.
నేనూ గ్లాసే చూశాను.

లేచి బయటికి పోయాను.
వాకిలి బండ ఇంకా కాలుతూనే ఉంది.
చెప్పులు విడిచి,
అత్తా అనాల్సిన నోటితో
"యక్కా, కాళ్ళకి నీళ్ళు పొయ్యే" అన్నాను,
పెద్దగా కాదు.

లోపల
చెంబు కదిలిన చప్పుడు.