కాల్ వారంటు

వారంటు అన్న మాట చెవిన పడగానే
త్రినాథ్ కంచం ముందునుంచి లేచి నిలబడ్డాడు.
హెడ్ కానిస్టేబుల్ కొడుకు మరి.
పార్వతీపురంలో ఆ మాట వినపడితే
జనం పెరటిగోడలు దూకేవారట.

ఇది ఆ వారంటు కాదు, కూర్చో, అన్నాను.
ఎవర్నీ పట్టుకుపోదు.
డెన్మార్క్‌లో ఒక కంపెనీ
చెవిమిషన్లు చేస్తుంది.
మా క్లినిక్‌లో పదింట ఆరు వాళ్లవే.
గులాబిరంగు ముద్ద ముసలిచెవుల్లోకి ఎక్కించి
అచ్చు తీసేదాన్ని,
వాళ్లు ఎదుగుతారని నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

అయితే షేరే కొనచ్చుగా, అన్నాడు.

షేరంటే తోట.
ఇది తోట మీద బయానా.
ఇవాళ ధర రెండువందల తొంభై క్రోన్లు.
మార్చి మూడో గురువారంనాడు
అది ఎంతకెక్కినా సరే
మూడువందలకే అడిగే హక్కు నాది.
అడిగి తీరాలని లేదు.
పది కాగితాలకి ఒక షేరు లెక్క,
కాగితం అరవై సెంట్లు,
రెండువేల కాగితాలు.
పోతే ఆ పన్నెండువందల డాలర్లే పోతాయి.

కాగితం ఎవరిచ్చారు?
సిడ్నీలో ఒక బ్యాంకు.
ఆ బ్యాంకు మునిగితే?

నేను పెరుగు వడ్డించాను.

అది జూన్. బాలరాట్‌లో కారు అద్దాల మీద
మంచు గీకుతూ లెక్కలు వేసుకునేదాన్ని.
మేం షట్టరు దించే వేళకి అక్కడ బజారు తెరుస్తారు.
పగలంతా సిడ్నీలో నా కాగితం బేరాలాడుతుంటే
అక్కడ షేరు ఇంకా దుప్పటి తీయదు.
మనిషి పడుకునుండగా
నీడ లేచి సంతకి వెళ్లినట్టు.

అరుగుతుందని తెలుసు. చదివాను.
ఇంతగా అరుగుతుందని తెలియదు.
ఆదివారాలూ అరిగింది, క్రిస్మస్ నాడూ అరిగింది,
పలక మీద ఒక్క అక్షరం దిద్దకుండానే
బలపం అరిగిపోయింది.

షేరు మాత్రం పెరిగింది.
ఇది రాసిపెట్టుకోండి, నేను చెప్పినట్టే పెరిగింది.
మార్చి మూడో గురువారం, మూడువందల పన్నెండు.
వంటింట్లో త్రినాథ్ చేయి పట్టుకుని ఊపేశాను.
తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాం.
మూడువందల మీద పన్నెండు క్రోన్లు.
కొన్నప్పుడు క్రోను ఇరవైరెండు సెంట్లు,
ఎప్పుడు జారిందో, ఇప్పుడు ఇరవై.
పదింట ఒక వంతు, అంటే
కాగితానికి ఇరవైనాలుగు సెంట్లు.
మొత్తం నాలుగువందల ఎనభై.

మళ్లీ వేశాడు. మళ్లీ అంతే వచ్చింది.
నువ్వు తప్పు చెప్పలేదు కదా, అన్నాడు.
చెప్పలేదు.
మరి?
షేరు పెరగాలని మాత్రమే పందెం అనుకున్నాను.
ఎంత పెరగాలో, ఎన్నాళ్లలో పెరగాలో,
ఏ దేశపు డబ్బులో పెరగాలో
అన్నీ నేను సంతకం పెట్టినవే.
జీలకర్రంత అక్షరాలు. నిజమే.
చదివాను కూడా.

మర్నాడు మిసెస్ టోన్‌కిన్ వచ్చింది, ఎనభైమూడేళ్లు.
వాళ్ల ముత్తాత ఈ ఊరికి బంగారం కోసం వచ్చినవాడు.
నెలనెలా లైసెన్సు కాగితం కొని గొయ్యి తవ్వేవాడట.
బంగారం దొరికిందా అంటే
గొయ్యి దొరికింది అని నవ్వింది.

గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి తలుపు మూశాను.
శబ్దం వినపడితేనే బటన్ నొక్కండి.
సరేనంది.
కళ్లు మూసుకుని, మెడ కొంచెం ముందుకు చాచి,
బొటనవేలు బటన్ మీద సిద్ధంగా పెట్టింది.

నేనింకా ఏ శబ్దమూ పంపలేదు.
అద్దానికి ఇవతల నా బల్ల మీద
దీపం వెలిగింది.
ఆగి, మళ్లీ వెలిగింది.