పదిహేడు రోజులు వెనక్కి

ఆత్రగాణ్ణి నేను.
పండుమిర్చి పచ్చడి మూడో రోజు తిరగ నూరకముందే
జాడీ మూత తీసి వేలు ముంచే రకం.
"అందరికంటే ముందు మీకే" అంది ఫోను.
రాత్రి పదకొండున్నర. బీటా అంటే ఏంటో చదవలేదు.
సరే అని నొక్కాను.

తెల్లారి గుంటూరు యార్డులో, కాటా పక్కన,
టిక్కీల లెక్క పంపుదామని వేలు పెడితే
నువ్వెవరంది.
తుడుచుకుని మళ్లీ పెట్టాను. నువ్వెవరంది.
పన్నెండేళ్లుగా గోతాలూ పురికొసలూ
అరగదీసిన వేలు ఇది.
పాత వెర్షను ఎట్లాగో పోల్చుకునేది,
చూపానకపోయినా
చెప్పుల చప్పుడుకే మనిషిని పట్టేసే
కిళ్లీకొట్టు తాత లాగా.
దీనివి కొత్త కళ్లు. దీనికి గీతలు కావాలి.

మే నెల. పది దాటేసరికి చొక్కా జేబులో కుంపటి.
మధ్యాహ్నం కూడు తినేలోపు ఛార్జింగు
తాలుకాయ రేటు పడ్డట్టు పడేది.
ఇవన్నీ ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది ఏసురత్నం సంగతి.
ఒక లాటులో రెండు కిలోలు తేడా వచ్చింది.
"ఆ రెండు కిలోలూ నువ్వే తిన్నావు" అని
కోపంలో మెసేజి కొట్టాను, ఒక్కసారే.
ఫోను దాన్ని నాలుగుసార్లు పంపింది.
పొద్దున నీడలో తూచిన కాయ
సాయంత్రానికి ఎండకి ఆరి తగ్గుతుందని
నాకు తెలీక కాదు.
ఆయన తిరిగి ఏమీ రాయలేదు.
కాటా దగ్గర ఎదురుపడితే
గోతాం అటు తిప్పి కుట్టుకునేవాడు.

బ్రాడీపేట నాలుగో లైన్లో మస్తాన్‌వలి
ఫోను అటూ ఇటూ తిప్పి, వేడికి చెయ్యి మార్చుకుని,
"వెనక్కి పోవచ్చన్నా. మూటాముల్లె రావు" అన్నాడు.
కొత్తదాంట్లో దాచింది పాతదాంట్లో దిగదంట.
పాత బ్యాకప్ ఉందా అన్నాడు.
ఉంది, పదిహేడు రోజుల నాటిది.
"అయితే ఆ పదిహేడూ పోతయ్.
మూడొందలు. కేబులు కదిలించమాక."

పదిహేడు రోజుల్లో ఏమున్నాయా అని చూశాను.
లాటు చీటీల ఫొటోలు.
మా చిన్నది ఫ్యాను కింద పడుకుని
'ళ' పలకటానికి నాలిక మడిచిన వీడియో.
దాన్ని మస్తాన్‌వలి ఫోనుకి పంపి దాచమన్నాను.
ఎవరిదో తెలియని నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్.
మిగతాది ఎండ.
పోనీ అన్నాను.

గీత మెల్లగా నిండింది. సగంలో ఆగింది.
మస్తాన్‌వలి టీ తాగటం ఆపాడు. మళ్లీ కదిలింది.
తెర తెల్లబడి, ఏవేవో భాషల్లో పలకరించి,
చివరికి నా వేలు అడిగింది.
పెట్టు, తియ్యి. పెట్టు, తియ్యి.
ఇసకలో మొదటి అక్షరం దిద్దించినట్టు.
పట్టింది!

ఏసురత్నం పేరు తెరిచాను.
ఆఖరి మాట పదిహేడు రోజుల నాటి "టీకి రా."
కింద తెలుపు.
నేను తిట్టినట్టు నా దగ్గర ఆనవాలు లేదు.
ఆయన జేబులో నాలుగున్నాయి.

మర్నాడు యార్డుకి పెందలాడే పోయాను.
గోతాం మీద కూచుని దబ్బనంలో పురి ఎక్కిస్తున్నాడు.
"అన్నా, ఏం రాశానో ఒకసారి చదువు,
నా దాంట్లో చెరిగిపోయింది" అన్నాను.
ఆయనది నొక్కుల ఫోను. దానికి ముందూ వెనకా లేదు.
చెయ్యి బారెడు చాచి, కూడబలుక్కుని,
మొదటిది చదివాడు.
రెండోదీ చదివాడు, అవే మాటలైనా.
మూడోదానికి హమాలీలు ఆగి విన్నారు.
నాలుగోది కూడా వదల్లేదు.

నా ఫోను కథంతా చెప్పాను.
మస్తాన్‌వలి మూడొందలతో సహా.
ఏసురత్నం బొటనవేలు మూడుసార్లు కదిలింది.
"ఇయ్యి మూడూ నీ ఫోను తిట్టినయ్ అంకారావూ,
తీసేశా.
ఒకటి నువ్వు కొట్టిందేగా" అని
ఫోను జేబులో పడేసుకుని
పురి రెండో కొస నా చేతికిచ్చాడు.