నలభై లీటర్లు

ఒస్ట్రావాలో, ట్రామ్ మలుపు తిరిగే చోట నా చేపల కొట్టు.
ఫిబ్రవరిలో అద్దాలకు లోపలివైపు చెమట,
బయటివైపు బురదమంచు చిందులు.
హవ్రానెక్ గారు టోపీ అయినా తియ్యకుండా
"మా ష్టైగర్‌కి తోడు కావాలి" అన్నారు.

ష్టైగర్ అంటే బొగ్గుగనిలో మేస్త్రీ.
ముప్పయ్యొక్క ఏళ్లు ఒక ష్టైగర్ కింద పనిచేశారాయన.
ఇప్పుడొకడు ఆయన వంటింటి కిటికీ పక్కన
నలభై లీటర్ల నీళ్లలో
నీలం అంగీ తొడుక్కుని పహరా తిరుగుతున్నాడు.
ఫైటర్ చేప. ఒక్కడే.
"నన్ను చూస్తే మొప్పలు విప్పుతాడు" అన్నారు మురిపెంగా.
అది ప్రేమ కాదండీ, అనబోయి ఆగాను.
కొట్టు నడవాలి కదా.

సంబంధం వెతకమన్నాక ఇల్లూవాకిలీ అడగాలి.
నీటి వేడి?
ఇరవయ్యారు.
నీళ్లు మెత్తనివా, గట్టివా?
"కెటిల్ అడుగున సున్నం కడుతుంది."
గట్టివే. మూత ఉందా?
ఉంది.
దాక్కునే చోటు?
దీనికి కాస్త ఆలస్యమైంది.
"ఒక కప్పు పడేశాను లోపల. రూజెనది. పిడి విరిగింది."

ఆయన వేలు మొదట గప్పీల దగ్గర ఆగింది.
వద్దండీ, ఆ తోకలు చూడండి,
మీవాడు వాటిని తన మీదికొచ్చిన మగవాళ్లే అనుకుంటాడు.
చారల టైగర్ బార్బ్‌లా?
అవి మీవాడి అంగీ పీలికలు చేస్తాయి,
ఆదివారానికల్లా మేస్త్రీ బనీనుతో మిగులుతాడు.
గోల్డ్‌ఫిష్‌కి చల్లనీళ్లు కావాలి.
ఈ ఏంజెల్ ఇవాళ చొక్కా బొత్తామంత,
ఏడాది తిరిగితే మీ అరచెయ్యంత.
నోట్లో పట్టేదల్లా తిండే!
నీళ్లలో ఇంకో చట్టం రాయలేదెవరూ.

"పోనీ, ఆ నిప్పురవ్వ లాంటిది ఒకటివ్వు."
టెట్రా అండీ. ఒకటి అమ్మను.
ఎనిమిదైతే అమ్ముతాను.
ఒంటరిగా వదిలితే ఫిల్టరు వెనక చేరి
రంగు వదిలేస్తుంది, తర్వాత తిండి.
మీవాడికి ఏకాంతం ఇల్లు,
దీనికి అదే జబ్బు.
పిలవడానికి మాత్రం రెండూ చేపలే.

అప్పుడు ఆయనకు కోపమొచ్చింది.
"గనిలోకి దించే పంజరంలో
నా పక్కన ఎవడు నిలబడాలో నేనెంచుకున్నానా?
తాగుబోతు, దొంగ, ప్రార్థనలు గొణిగేవాడు,
నా చెల్లెల్ని ఏడిపించినవాడు కూడా.
భుజం భుజం రాసుకునే దిగాం."

నిజమే. కానీ షిఫ్టయ్యాక
మీరు పైకొచ్చేవారు కదండీ.
వీటికి పైన లేదు.

ట్రామ్ వెళ్లింది.
అరవై తొట్లలో నీళ్లు
ఒక్కసారే వణికి నిలిచాయి.

చివరికి ఒక చారల నత్తను తీసుకున్నారు.
ఖరీదు తక్కువ, కోరికలు తక్కువ,
తోక లేదు కనక తగాదా లేదు.
సంచిని కోటు లోపల, ఎదకానించి పట్టుకుని
మంచు చూసుకుంటూ దాటారు.

నిన్న మళ్లీ వచ్చారు. టోపీ తీశారు.
మొదటిరోజు మొప్పలు విప్పాడట.
రెండోరోజు ఒక పోటు పొడిచాడట,
నత్త తలుపేసుకుందట.
ఇప్పుడు రాత్రిళ్లు కప్పులో నత్త,
కప్పు అంచు మీద మేస్త్రీ.
"కానీ అద్దం నిండా తెల్ల చుక్కలు,
నువ్వుగింజల్లా. జబ్బా?"
గుడ్లండీ.
పొదగవు. వాటికి ఉప్పునీళ్లుండాలి.
బ్లేడుతో గీకేస్తే పోతాయి.

అరలోంచి బ్లేడు తీసుకున్నారు,
ధర చదివారు, వెనక చదివారు,
ఎక్కడిదక్కడే పెట్టేశారు.

"ఆ నిప్పురవ్వలు ఎనిమిదీ ఎంత?"
తొట్టి కొలత తెలిసింది గానీ
మీవాడి కోపం ఎన్ని లీటర్లో ఇంకా తెలీదు.
ఒక నెల ఆగండి, అన్నాను.

"ఆగుతాను"
అని, కౌంటరు పక్కనున్న స్టూలు లాక్కుని
కూర్చున్నారు.