పదమూడో మెట్టు

భువనేశ్వర్ నుంచి వచ్చిన కుర్రాడు
టేపు సాచి మెట్లన్నీ కొలిచాడు.
పదమూడోది రెండు వేళ్ల ఎత్తు ఎక్కువట.
"మేస్త్రీ నిద్రలో కట్టాడమ్మా" అన్నాడు.
నా మోకాలికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

గోడ వెంట ఇనుప పట్టా, దాని మీద కుర్చీ.
మీట నొక్కితే మేడ మీదికి, ఎండలోకి.
"ఒళ్లో అప్పడాల చేట పెట్టుకోవచ్చా?"
అతని కాగితంలో ఆ గడి లేదు.

మా దండాసి లెక్క వేరు.
పట్టా వేస్తే జానెడు జాగా పోతుంది,
మినపపప్పు బస్తా ఎలా ఎక్కుతుంది?
కరెంటు పోతే నడిమధ్యన వేలాడతావా?
"ఠాకురాణి యాత్ర కానీ, చూద్దాం."
మా బరంపురంలో ఆ యాత్ర రెండేళ్లకోసారి.
మొన్నటిది అయి ఇంకా నలభై రోజులు కాలేదు.

నేనేమీ అనలేదు.
మధ్యాహ్నం వీధి కునుకు తీసే వేళ
చేటను కింది మెట్టు మీద దించి,
వెనకాలే నేను కూర్చుని,
ఒక్కో మెట్టూ జారి దిగుతున్నాను
మాఘమాసం నుంచీ.

నిన్న నా చీర వెనకంతా మెట్ల దుమ్ము చూసి
దులపబోయి ఆగిపోయాడు.
సాయంత్రం తనే వెళ్లి
పదమూడో మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు.

దిగొచ్చి, కుర్రాడి కాగితం వెతికి,
"వానల్లోపు వస్తాడేమో అడుగు" అన్నాడు.
బస్తా మాట నేనూ ఎత్తలేదు.