నాలుగు మూలలు

చూళైలో ఎతిరాజులు గారి స్టూడియోకి
షట్టరు సగమే లేచి వుంది.
కింద నుంచి దూరి వెళ్లాలి,
బేరానికి ముందే తల వంచాలి.

బల్ల మీద రెండు ఎన్‌లార్జర్లు.
ఒకటి నీలం రంగుది, ఒంటికాలి కొంగ.
రెండోది బూడిదరంగు ఇనుము,
దాన్ని మోసిన మనిషికి నడుం నొప్పి ఖాయం.

చిన్నది మూడు వేలు.
నా సంచిలో నాలుగున్నాయి.
మనసు అప్పుడే దాన్ని ఒళ్లో పెట్టుకుని
పెరంబూరు ఆటో ఎక్కేసింది.

"ఫిలిం ఏదిమ్మా?"
వన్ ట్వంటీ, అన్నాను. ఆరుకి ఆరు.
కాశిమేడు రేవులో తెల్లారుజామున తీసిన పన్నెండు చదరాలు,
కరెంటు బిల్లు కవరులో తెచ్చాను.

కవరు చూసి మూతి విరిచాడు.
ఒక నెగటివ్ అంచులు పట్టుకుని, ఉఫ్‌మని ఊది,
నీలం కొంగ నోట్లో పెట్టి
ట్యూబ్‌లైటు ఆర్పాడు.

తెల్లకాగితం మీద నల్లటి ఆకాశం,
వేలం పాడేవాడి తెల్లటి నోరు,
వాడి ముందు చేపల గంప.
అంతే. ఆ పక్కన గోడలా చీకటి.

"ఇంకెవురన్నా వుండారా ఇందులో?"
కుడి మూల తాడు లాగే పిల్లాడు వుండాలండీ.
"వాణ్ని బయట పెట్టి తలుపేసినాం చూడు."

లైటు వెయ్యకుండానే అన్నాడు,
"ఇది చంటిబిడ్డ చొక్కామ్మా.
ఎదిగినోడికి తొడిగితే
చిరిగేది చొక్కా కాదు, వాడు."

తర్వాత పెద్దదాని దగ్గరికి పోయాడు,
అలిగిన ఎద్దుని పలకరించినట్టు వీపు తట్టి.
తోలుతిత్తి సాగదీసి లోపల టార్చి వెలిగించి
చిల్లులుంటే చెప్పమన్నాడు.
చీకట్లో కళ్లు చించుకున్నాను. ఒక్క చుక్కా లేదు.
తల పై దాకా ఎత్తి, వేలితో కొట్టి,
బొమ్మ ఎంతసేపు వణుకుతుందో
లెక్క పెట్టమన్నాడు.
రెండు అనేలోపే నిలబడింది.

ఎనభై లెన్సు మాత్రం బూజు పట్టింది.
సముద్రపు గాలి గాజునీ వదలదు.
"చెప్పకుండా అమ్మొచ్చు," అన్నాడు,
"రేపు నీ ఆకాశంలో మబ్బు కనపడితే
నన్నే తిడతావు."
తొమ్మిది వేలు ఏడయింది.
చేతిలో నాలుగు, మిగతాది నెలకో వెయ్యి.
"డబ్బుతో పాటు బొమ్మ కూడా తేవాల.
ఒట్టి డబ్బు తీసుకోను."

ఆటోవాడు దాన్ని చూసి
ఇద్దరి చార్జీ అడిగాడు.

బాత్రూములో అటక అడ్డం.
తల పూర్తిగా ఎత్తితే
సున్నం రాలి కాగితం మీద పడుతుంది.
అందుకే నా రేవు పన్నెండంగుళాలకి మించి పెరగదు.
కొళాయి తిప్పితే రాత్రి పదకొండుకీ వేణ్ణీళ్లే.
మందు ఇరవై డిగ్రీలు దాటితే ఒప్పుకోదు.
వీధి చివర చేపల కొట్టు మరియదాసుని అడిగి
మిగిలిన ఐసు తెచ్చి, ట్రే చుట్టూ పేర్చి,
ఎర్రబల్బు కింద ముక్కు మూసుకుని కూర్చున్నాను.
పదకొండో సెకండుకి కరెంటు పోయింది.
రెండో కాగితం నా నిర్లక్ష్యానికే పోయింది.
మూడోదానిలో
అందరికంటే ముందు తాడు వచ్చింది,
దాని చివర వాడు.

ఒకటో తారీకు వెయ్యి రూపాయలూ, బొమ్మా
బల్ల మీద పెట్టాను.
డబ్బు లెక్క పెట్టలేదు.
బొమ్మ వైపు చూడనూ లేదు ముందు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"చేపల వాసన యాడిదో నేను అడగను.
హైపో వాసన మాత్రం పోలా.
సరిగ్గా కడగలా నువ్వు.
ఏడాదిలో పసుపు తిరుగుతాడు వీడు."

నీళ్ల లారీ రాలేదండీ, మంగళవారం వస్తుంది.

అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు,
నాలుగు మూలలూ, ఒక్కో మూలా వేలితో తాకకుండా తాకి.
"మంగళారం మళ్లీ బకెట్లో వెయ్యి,
గంటసేపు వదిలెయ్యి.
రేవులో పిల్లోడు గదా,
వాడికి నీళ్లు కొత్తేం కాదు."