చేపతోక

స్లో ఒంటి మీది నలుపు వెలిసిపోతోందని
మొదట అన్నది పోస్టు తెచ్చే ఫెలిమ్.
"నీ నల్లమేకకి తుప్పు పట్టింది నూలా"
గేటు మీద రెండు మోచేతులూ ఆన్చి, నవ్వుతూ.
నేను నవ్వలేదు.
నెల ముందే చూశాను,
తోక చివర వెంట్రుకలూడి, నడిమికి చీలి
అచ్చం చేపతోకలా ఉండడం.
చూసి కూడా వానల వల్లేలే అనుకున్నాను.
లీట్రిమ్‌లో ఏ తప్పునైనా వాన మీదికి నెట్టెయ్యొచ్చు.

ఎనిమిది మేకలు నాకు.
తొమ్మిదెకరాల్లో సగం తుంగ,
మిగతాది తవ్వి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో కాల్చుకునే నల్లమట్టి.
బావిలో నీళ్లు తోడి పోస్తే
తొట్టి అంచున నారింజరంగు చార.
ఆ నీళ్లతో ఉతికిన తెల్లదుప్పటి
మూడో ఉతుక్కి తెల్లదుప్పటి కాదు.
"ఇనుముంది, తాగు, బలం" అనేది మా అత్త,
తొంభై మూడేళ్లు బతికింది కూడా.

పశువుల డాక్టరు ఓర్లా కియొగన్
ఆ చారని గోటితో గీకి, వాసన చూసి
"దొంగ ఇక్కడుంది" అంది.
కడుపులో ఇనుము ముందొచ్చి
బల్లంతా పరుచుకు కూర్చుంటే
వెనకొచ్చిన రాగికి నిలబడే చోటుండదట.
ఈ నేలలోని మాలిబ్డినమ్
(ఆ పేరు నా చేత మూడుసార్లు పలికించింది)
మిగిలిన కాస్త రాగినీ చెయ్యిపట్టి
బయటికి సాగనంపేస్తుందట.
"నువ్వు పెడుతూనే ఉన్నావు, అది తింటూనే ఉంది,
ఒంటబట్టట్లేదు, అంతే."

అంతే అంది.
ఆ రాత్రి బావి మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టాను,
అది పారిపోతుందన్నట్టు.

రేకుల కప్పు మీది వాన కింద నీలం డ్రమ్ము.
ఓట్లు గుప్పెడు తక్కువ.
గింజ మరీ ఎక్కువై, లోపల రాళ్లు కట్టి
విత్తు కొట్టిన పోతు డగ్గీ
చుక్క మూత్రం కోసం వీపు వంచి వణికిన ఉదయం
నేనింకా మర్చిపోలేదు.
వంటగదిలో మేకుకి వేలాడే అట్ట మీద పెన్సిల్ రాత:
సున్నం రెండు పాళ్లు, భాస్వరం ఒకటి.
దాని కిందే కరెంటు బిల్లు తేదీ.
రోజూ ఒక మోపు విల్లో కొమ్మలు కోసి కట్టాను,
లోతుకి దిగిన వేరు తెచ్చేది
పైపైన బతికే గడ్డి తేలేదు కదా.

ఇక రాగి.
తెగిన వెంట్రుకల్లాంటి తీగముక్కలు, చిన్న గొట్టంలో.
బరువు తూచి ఓర్లా గీత గీసింది,
ఇది దాటితే మందు కాదు.
అరటిపండులో దాచి పెట్టాను.
స్లో పండు మొత్తం తిని
గొట్టాన్ని శుభ్రంగా నా బూటు మీద ఉమ్మింది.
రెండోసారీ అంతే.
మూడోసారి దవడ పట్టుకుని, మింగేదాకా
దాని పసుపుకళ్లలోకి చూస్తూ నిలబడ్డాను.

మార్చిలో ఫెలిమ్ గొర్రె ఒకటి
కంచెతీగల సందున తల దూర్చి
నా మేకల ఖనిజాల బకెట్ నాకుతూ కనబడింది.
ఎన్నాళ్ల నుంచో.
గొర్రెకి రాగి పడదు, వెళ్లదు,
కాలేజంలో పేరుకుంటూ ఊరుకుంటుంది
ఒకరోజు దాకా.
కనుగుడ్లు పచ్చబడ్డాయి, మూత్రం చిక్కటి టీరంగు.
గురువారం లారీ వచ్చి తీసుకుపోయింది.
నా మేకకి చాలనిది
అతని గొర్రెకి ఎక్కువైంది, ఒకే బకెట్లో.

బకెట్ని కొట్టంలోపలికి మార్చి గోడకి బిగించాను.
డబ్బు కవరులో పెట్టి ఇస్తే
మర్నాడు అదే కవరు, అంటించినది అంటించినట్టే
నా ఉత్తరాల పెట్టెలో.
ఆ తర్వాత అతను గేటు దగ్గర ఆగలేదు.
సైకిల్ గంట, పెట్టె మూత చప్పుడు, అంతే.

జూన్. స్లో భుజం మీద
బొటనవేలంత మేర కొత్త నలుపు,
తడిసిన నల్లమట్టిలా నిగనిగ.
తోక ఇంకా చీలికగానే ఉంది.
ఫెలిమ్ సైకిల్ ఆపి చూశాడు.
తుప్పు గురించి ఏమీ అనలేదు.
కాసేపటికి మోచెయ్యి ఆన్చాడు గేటు మీద,
ఒకటే.