విరిచే పని

కొర్లగుంట సందులో, నాలుగు రేకుల కింద నా పొయ్యి.
తెల్లారి నాలుగున్నరకి పాకాల నుంచి రెడ్డెప్ప టెంపో.
క్యాను మూత తీస్తే
రాత్రి చలి ఇంకా లోపలే ఉంటుంది.

నా పని పాలు విరచడం.
ఈ మాట మా అమ్మ బయట చెప్పనియ్యదు.
పొయ్యి మీద పాలు విరిగిన పొద్దు
ఆమె ఏ ఊరికీ బయల్దేరేది కాదు.
గిన్నెకు మూత పెట్టి దొడ్డిదారిన పారబోసేది,
ఇంట్లో ఎవరో తప్పు చేసినట్టు.
నేను రోజుకు ఎనభై లీటర్లు
కావాలనే విరుస్తా ఉండా.
గుడ్డలో మూటగట్టి పైన పెట్టే బరువు
ఆమె దోసెపిండి రుబ్బిన గుండే.
అది మాత్రం అడక్కుండానే ఇచ్చింది.

షట్టరు లేపితే అడిగేవాళ్ళే.

"ఏమ్మే మునెమ్మా, నిన్నటిది రబ్బరు మాదిరి సాగిందే?"
కర్రీ పాయింటు ధనపాల్.
నూనెలో ఎంతసేపు నిలబెట్టినావు నాయనా?
ఎర్రగా కాల్చి, మళ్ళా కూరలో ఉడకబెడితే
మనిషైనా బిగుసుకుంటాడు.
వేయించినాక గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వెయ్యి,
రొంతసేపటికి దాని కోపం దిగుతుంది.

"చాకు పెడితే పొడిపొడి అయిపోతా ఉండాది."
హాస్టలు వంటామె జ్ఞానమ్మ.
నిజమే. ఆ పొద్దు నిమ్మరసం ఒక గరిటె ఎక్కువ పడింది,
గుండు తొందరగా దించేసినా.
పావుకేజీ ఊరికే తూచి ఇచ్చినా.
ఆమె తీసుకుంది, క్షమించలే.

"పచ్చగా ఉందే, రంగేసినావా?"
ఆవుపాలు సామీ.
సున్నం తెలుపు కావాలంటే ఎనప పాలు తెచ్చుకో.

"ఇది జున్నే కదా?"
కాదవ్వా. జున్ను తనంతట తాను గడ్డకడుతుంది,
దూడ నోటికాడిది.
దీన్ని మనమే విరచాల.

ఒక పెద్దాయన సీసా చాపినాడు,
పెండ్లిలో చల్లడానికి పన్నీరు పొయ్యమని.
నవ్వాపుకోలేక సందు చివర సెంటు కొట్టు చూపించినా.
పోతా పోతా వాసన చూసి
"ఇదీ చల్లగానే ఉందే" అన్నాడు.

సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల వచ్చింది,
స్కూలు బ్యాగులో అయోడిన్ బుడ్డి.
"అక్కా, ఒక ముక్క ఉడకబెట్టి చల్లార్చి ఇస్తావా?
పిండి కలిపింటే నీలం అవుతుంది."
కొట్లో నలుగురుండారు.
నేను కలపలేదని నాకు తెలుసు.
రెడ్డెప్ప సంగతి నాకేం తెలుసు?
ఎనిమిదేండ్లుగా చీకట్లో క్యాను దించి పోయే మనిషి.
సాసరులో చుక్క పడింది.
అందరం దాని మీదికి వంగినాం.
చుక్క గోధుమరంగుగానే ఉండిపోయింది,
నా గుండె ఆలస్యంగా నమ్మింది.

జనం పోయినాక
ఆ పిల్ల జేబులోంచి ఇంకో ముక్క తీసింది,
కవరులో చుట్టింది.
దాని మీద చుక్క వేసింది.
సిరా ఒలికినట్టు నీలం,
చూస్తా ఉండంగానే నల్లబడింది.

యాడిది పాపా ఇది?
"మా ఇంట్లోది."
మీ నాయన పేరు?
చెప్పలే.
సాసరు కుళాయి కింద పెట్టి
రెండుసార్లు కడిగింది, మూడోసారి కూడా.
బ్యాగు మీద రాసుండే పేరు అప్పుడు చదివినా:
డి. నళిని.
ఆ "డి" నాకు తెలుసు.
నెల నుంచి మూడు కేజీలు తీసుకునేవాడు
ఒకటే తీసుకుంటా ఉండాడు,
మూడు కేజీలకు తగాదా పడతా ఉండాడు.

అయితే ఆ రబ్బరు నాది కాదు.
ఆ మాట ఈ పిల్లతో ఎట్ల అనేది?
విరిగిన నీళ్ళు ఒక గ్లాసు
ఉప్పు, జీలకర్ర వేసి ఇచ్చినా.
నిలబడే తాగింది.

మరుసటి పొద్దు ధనపాల్ వచ్చినాడు.
కండ్లు త్రాసు మీదనే.
"మూడు కేజీలు" అన్నాడు.
తూచినా. కట్టినా. చిల్లర ఇచ్చినా.
మెత్తగుందా, సాగుతుందా, నిన్నటిదా, ఈ పొద్దుటిదా
ఏమీ అడగలే.